నేను కొట్టేసిన పేరా

నా ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే మా నాన్న "ఫుడ్ ల్యాబ్‌లో చేస్తోందండీ" అనేవారు. అది పూర్తిగా అబద్ధం కాదు. గుర్‌గావ్‌లో బీరు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ఆరేళ్ళుగా నేను చూస్తున్నది ల్యాబే. ఈస్ట్ కణాలు లెక్కపెట్టడం, ట్యాంకుల్లోంచి నమూనాలు తీసి పరీక్షించడం, ఏ ట్యాంకు బీరు బయటికి వెళ్ళొచ్చో కాగితం మీద సంతకం చెయ్యడం నా పని. కానీ బీరు అన్న మాట మాత్రం ఢిల్లీలో సాకేత్ పక్కన మేముండే ప్రభుత్వ క్వార్టర్లలో, నాన్న ఆఫీసువాళ్ళ ముందు, మా ఇంట్లో ఎవరి నోటినుంచీ వచ్చేది కాదు.

ఆ ఏడాది చలి తగ్గుతుండగా ఒకరోజు పొద్దున్నే, బీరు తయారీ అంతా చూసే మా హెడ్ బ్రూవర్ ఇద్దర్ని పిలిచారు. ఆయన యాభై దాటిన సర్దార్‌జీ. పిలిచిన ఇద్దరిలో ఒకదాన్ని నేను. రెండో మనిషి ట్యాంకుల బాధ్యత చూసే అతను. జర్మనీలో బ్రూయింగ్ సైన్స్ నేర్పే ఒక సంస్థ మన దేశం నుంచి దరఖాస్తులు పిలుస్తోందని చెప్పారు. కొన్ని నెలలు ఆన్‌లైన్ పాఠాలు, తర్వాత ఆరు నెలలు అక్కడ శిక్షణ.

"దోనో ఫారమ్ భరో, ఇద్దరూ పెట్టండి," అన్నారు. "ఇద్దరికీ సీటొస్తే ఈ ఏడు ఒక్కరికే సెలవు ఇవ్వగలను. అది అప్పుడు చూద్దాం."

ఆ కోర్సు సంగతి నాకు కొత్త కాదు. రెండేళ్ళ కిందటే దాని పేజీ ఫోన్‌లో దాచుకున్నాను. ఇంకాస్త చదువుకున్నాక పెడదాం, ఇంకాస్త సిద్ధపడ్డాక పెడదాం అనుకుంటూ గడిపేశాను. ఎవరికీ చెప్పకుండా దాచుకున్నది కాస్తా ఆయన అలా ఇద్దరి ముందూ పెట్టేసరికి, నా సొంత వస్తువు ఎవరో తీసి పంచుతున్నట్టు అనిపించింది.

అతను నాకంటే ఐదేళ్ళు చిన్న. శ్రీకాకుళం వాళ్ళు. వాళ్ళ నాన్న సైన్యంలో సుబేదారు, సరుకులు అందించే విభాగంలో. కంటోన్మెంట్ల వెంట తిరుగుతూ పెరిగాడు కాబట్టి అతని తెలుగులో సగం హిందీయే. నేను ధౌలా కువాన్ దగ్గర మన తెలుగువాళ్ళ కాలేజీలో చదివి, ఆపైన మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేశాను. అతను దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేసి, మా దగ్గర ట్యాంకులు కడిగే పనిలో చేరాడు. మూడేళ్ళు తిరిగేసరికి ట్యాంకులన్నీ అతని చేతిలోకి వచ్చాయి. నన్ను అక్కా అని పిలిచేవాడు. ఊరుగాని ఊళ్ళో ఆ పిలుపు నాకు బాగానే ఉండేది.

దరఖాస్తుతో పాటు రుచి, వాసనల పరీక్ష ఫలితాలు కూడా పంపాలి. మూడు గ్లాసులు పెడతారు. రెండింటిలో ఒకటే బీరు, మూడోదాంట్లో ఏదో ఒక లోపం కలిపిన బీరు. తేడాగా ఉన్నది ఏదో చెప్పాలి. హెడ్ బ్రూవర్ సారే దగ్గరుండి పెట్టారు. పులుపు పట్టుకున్నాను. బీరు పాతబడితే వచ్చే తడిసిన అట్ట వాసనా పట్టుకున్నాను. చివరికి వెన్న వాసన వంతు వచ్చింది. ఈస్ట్ తన పని ముగించకముందే ట్యాంకును చల్లబరిస్తే బీరులో ఆ వాసన మిగిలిపోతుంది. పుస్తకంలో దాని గురించి నాకు తెలియనిది లేదు. ఐదుసార్లు పెడితే ఒక్కసారి సరిగ్గా చెప్పాను, అదీ గుడ్డిగా.

అతను గ్లాసు ముక్కు దాకా ఎత్తకుండానే చెప్పేశాడు. "మూడోది సార్. సినిమా హాల్లో పాప్‌కార్న్ లాగుంది."

ఐదుకి ఐదు.

"కోయీ బాత్ నహీ," అన్నారు సార్ నాతో. "కొందరి ముక్కుకి ఈ వాసన అస్సలు తెలీదు. పుట్టుకతోనే అంతే."

అప్పుడు గుర్తొచ్చాయి అతని మాటలు. "అక్కా, నాలుగో ట్యాంకు ఇంకో రెండ్రోజులు ఉంచుదామా?" "అక్కా, ఇది కొంచెం వేడిలోనే ఉండనిద్దాం నా." పని జరగకుండా సాగదీస్తాడని విసుక్కుంటూనే ఒప్పుకునేదాన్ని. నేను సంతకం పెట్టిన ప్రతి కాగితం వెనకా అతని ముక్కు ఉందన్నమాట. నాకు తెలియకుండా, నన్ను నొప్పించకుండా ఇన్నాళ్ళూ కాపాడుకుంటూ వచ్చాడు. నిజానికి నేను కృతజ్ఞత చెప్పాల్సింది. గ్లాసు అక్కడే పెట్టేసి లేచి బయటికి వెళ్ళిపోయాను.

వారం తర్వాత అతను తన వ్యాసం పంపాడు. ఎందుకు చేరాలనుకుంటున్నారో దరఖాస్తుదారులు రెండు పేజీలు రాయాలి.

"అక్కా, నా ఇంగ్లిష్ మీకు తెలుసు కదా. థోడా దేఖ్ లో. మీరు సరిచేస్తే పంపించేస్తాను," అన్నాడు ల్యాబ్ గుమ్మంలో నిలబడి. బూట్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి. లోపలికి రాలేదు, నేల తడుస్తుందని.

మధ్యాహ్నం డబ్బా విప్పుకుని తింటూ చదివాను. మొదటి పేజీ నిండా తప్పులే. మూడో పేరా దగ్గర తినడం ఆపేశాను.

చిన్నప్పుడు ఏదో కొండ ప్రాంతంలో వాళ్ళ నాన్నకి పోస్టింగు. బడికి సెలవులొస్తే నాన్న వెంట గోదాముకి వెళ్ళేవాడట. లారీలోంచి పిండి బస్తాలు దిగుతుంటే ఆయన ఒక్కొక్క బస్తా మూతి విప్పించి, మొహం లోపలికి పెట్టి వాసన పీల్చి, ఆ తర్వాతే సంతకం పెట్టేవాడట. ఒకరోజు కొడుకుని పిలిచి "నువ్వు చూడు" అన్నాడట. వరసగా చూసుకుంటూ వెళ్ళి పిల్లాడు ఒక బస్తా దగ్గర ఆగిపోయాడు. పైన పిండి తెల్లగా, పొడిగా ఉంది. అడుగు దాకా చెయ్యి పెట్టి తీస్తే ఉండలు కట్టిన పిండి, పచ్చటి బూజు. ఆ బస్తా మళ్ళీ లారీ ఎక్కింది. "ఆ రొట్టెలు తినవలసిన సైనికులకి నేనెవరో తెలియదు. బీరు తాగేవాళ్ళకి కూడా నేనెవరో తెలియక్కర్లేదు. బస్తా వెనక్కి వెళ్తే చాలు" అని రాశాడు.

నా వ్యాసం తెరిచి చూసుకున్నాను. సూక్ష్మజీవుల ప్రపంచం అంటే చిన్నప్పటినుంచీ నాకెంతో ఆసక్తి అని మొదలవుతుంది. నాలుగుసార్లు తిరగరాసింది. ఒక్క తప్పు లేదు. పైన పేరు మార్చేస్తే ఎవరిదైనా కావచ్చు.

అతని వ్యాసంలో ప్రతి వాక్యం ఓపిగ్గా దిద్దాను. క్రియలు సరిచేశాను, చుక్కలూ కామాలూ పెట్టాను. నా వ్యాసం మీద కూడా అంత శ్రద్ధ పెట్టలేదు. ఆ తర్వాత మూడో పేరా మొత్తం కొట్టేసి, అక్కడ ల్యాబ్ పద్ధతుల గురించి నాలుగు వాక్యాలు రాశాను. పక్కన "ఇది మరీ సొంత గొడవ. వాళ్ళకి సైన్స్ కావాలి" అని ఒక ముక్క పెట్టాను. అది నిజంగానే మంచి సలహా అని నాకు నేను చెప్పుకున్నాను. అలాంటి సలహాలు నిజంగా ఇచ్చేవాళ్ళూ ఉంటారు. పంపే బటన్ నొక్కేటప్పుడు మాత్రం చెవులు వేడెక్కాయి.

పది నిమిషాల్లో జవాబు వచ్చింది. "థాంక్యూ అక్కా. నాకూ డౌటుగానే ఉండింది."

ఇద్దరికీ ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. ముందు నాది. తెర మీద ముగ్గురు. అన్నిటికీ బాగానే జవాబులు చెప్తున్నాను. అంతలో వాళ్ళలో ఒకావిడ వెన్న వాసన దగ్గర నా మార్కులు చూసి, ఏమైందని మర్యాదగానే అడిగింది.

"ఆ రోజు నాకు జలుబండీ," అన్నాను.

జలుబు లేదు. ఆవిడ తలూపి, "మరి మీ దగ్గర ఈ లోపం రోజూ ఎలా కనిపెడతారు?" అంది. నిజం చెప్పాలంటే అతని గురించి చెప్పాలి. అది ఇష్టంలేక యంత్రం పేరేదో చెప్పాను. అది మా దగ్గర లేదు. ఇంకో రెండు ప్రశ్నలకి ఆవిడ ఆ యంత్రం గురించే అడిగింది.

నాకు రాలేదు. అతనికి వచ్చింది.

ల్యాబ్‌లోకి పరిగెత్తుకొచ్చాడు, ఈసారి తడి బూట్లతోనే. "అక్కా! హో గయా!" నా మొహం చూసి తగ్గాడు. "మీదీ వచ్చేస్తుందక్కా, వెయిటింగ్ లిస్టు ఉంటుంది కదా." తర్వాత ఉండబట్టలేక చెప్పాడు. ఇంటర్వ్యూ చివర్లో ఇంకేమైనా చెప్తారా అని అడిగారట. బస్తా కథ చెప్పాడట.

"ఒకాయనైతే కెమెరా దగ్గరికి జరిగి మరీ విన్నాడు. కాగితం మీద ఉండుంటే అప్పుడెప్పుడో చదివేసి మర్చిపోయేవాళ్ళు. మీరు తీసెయ్యమనడమే మంచిదయ్యింది. నిజంగా అక్కా, మీవల్లే."

నేను నవ్వాను. ఎలా నవ్వానో తెలియదు.

ఆ ఆదివారం భోజనానికి రమ్మని వాళ్ళ నాన్నే ఫోన్ చేశారు. కాదనడానికి సాకు దొరకలేదు. కంటోన్మెంట్‌లో రెండు గదుల క్వార్టరు. చేపల పులుసు వాసన మెట్లమీదికే వస్తోంది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. పక్క క్వార్టరు హవల్దారు మెట్లు దిగుతుంటే ఆపి మరీ చెప్పారు. "మేరా బేటా జర్మనీ జా రహా హై. బీర్ బనానా సీఖ్‌నే." కొడుకు బీరు తయారీ నేర్చుకోవడానికి వెళ్తున్నాడని చెప్పడానికి గొంతు తగ్గించలేదు, నీళ్ళు నమల్లేదు. డాక్టరీ చదవడానికి వెళ్తున్నాడన్నా ఇంతకంటే గట్టిగా చెప్పేవారు కాదేమో. తర్వాత నన్ను చూపించి, "ఇస్ బేటీ నే మదద్ కీ" అన్నారు, సాయం చేసింది నేనేనని.

సీటు మీద ఉన్న నా అసూయ అంతా ఒక్కసారిగా ఆ మనిషి వైపు తిరిగింది. ఇలాంటి నాన్న అతనికెందుకు ఉండాలి, నాకెందుకు లేకపోవాలి అనిపించింది. నా ఆరేళ్ళ ఉద్యోగంలో మా నాన్న ఒక్కసారైనా మెట్లమీద ఎవర్నీ ఆపలేదు.

"ఏటమ్మా, అలాగ కెలుకుతున్నావు? పులుసు కారంగా ఉందేటి?" అంది వాళ్ళమ్మ.

"లేదు ఆంటీ, బాగుంది," అన్నాను. ఇంకో ముద్ద కలుపుకున్నాను.

నన్ను ఆటో ఎక్కించడానికి అతను గేటు దాకా వచ్చాడు. దారిలో మళ్ళీ మొదలుపెట్టాడు, మీరు లేకపోతే అని. ఆ కృతజ్ఞత ఇక భరించలేకపోయాను. తప్పు ఒప్పుకోవాలన్న మంచితనం కాదది. కోపంతో అన్నాను.

"అది నీ మంచికోసం తియ్యలేదు."

"ఏంటక్కా?"

"ఆ పేరా. బాగుందని తీశాను. నా దాంట్లో అలాంటిది ఒక్క ముక్కా లేదని తీశాను."

అతను ఆగిపోయాడు. "మీకు పంపే ముందు అమ్మకీ నాన్నకీ తెలుగులో చెప్పి వినిపించాను," అన్నాడు. "అక్క వద్దందంటే నాన్న ఒక్క మాట అనలేదు. చదువుకున్న అమ్మాయి, ఆమెకి తెలుస్తాది అన్నారు."

అటుగా వస్తున్న ఆటోకి చెయ్యెత్తాడు. "మేడమ్‌ని సాకేత్‌లో దింపు భయ్యా," అని చెప్పి వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

మర్నాటినుంచి నేను మేడమ్‌నే. పనిలో తేడా చూపించలేదు. సార్‌కి గాని ఇంకెవరికి గాని చెప్పినట్టూ లేదు. వెళ్ళేముందు ఒక్కటే చేశాడు. తను లేనప్పుడు ప్రతి ట్యాంకునీ ఇంకో ఇద్దరు వాసన చూశాకే బయటికి పంపాలని సార్‌తో చెప్పి, ఆ ఇద్దరికీ వెన్న వాసన దగ్గరుండి నేర్పి వెళ్ళాడు. నా ఎదురుగానే. నేను గ్లాసులు కడిగి అందించాను.

ఆ ఆదివారం వాళ్ళింటినుంచి వచ్చిన సాయంత్రం మా ఇంట్లోనూ ఒకటి జరిగింది. ఎక్కడికెళ్ళావని నాన్న అడిగితే, మా దగ్గర పనిచేసే అతను జర్మనీలో బీరు చదువుకి వెళ్తున్నాడు, వాళ్ళింటికి అని చెప్పాను. బీరు అన్న మాట కావాలనే గట్టిగా అన్నాను. ఆయన పేపరు దించి, "మరి నువ్వెందుకు పెట్టలేదు?" అన్నారు.

"పెట్టాను. రాలేదు."

"ఎందుకు రాలేదు?"

నా పని గురించి ఆయన వేసిన మొదటి ప్రశ్నలు అవే. ముక్కు సంగతి, జలుబు అబద్ధం చెప్పాను. పేరా సంగతి చెప్పలేదు. ఆయన పేపరు మడిచి, "వాసన రాదని చెప్పుకోవడానికి సిగ్గెందుకు?" అన్నారు. సిగ్గు నాకు ఎక్కణ్ణించి అంటుకుందో ఆయనకి చెబుదామనుకున్నాను. ఆయన అప్పటికే టీవీ పెట్టుకున్నారు.

కొత్త ఏడాది మొదట్లో, అతను ఇంకా అక్కడ ఉండగానే, జర్మనీ నుంచి ఒక సందేశం వచ్చింది. అన్ని నెలల్లో అదొక్కటే. "మేడమ్, కొత్త బ్యాచ్ ఫారమ్ వచ్చింది. లాస్ట్ డేట్ దగ్గరే ఉంది. ఈసారి ల్యాబ్ పనికి సీట్లు ఎక్కువ." కింద లింకు. పలకరింపు లేదు, ఎలా ఉన్నారని లేదు. చదివి ఫోన్ బోర్లా పెట్టేశాను. అతని స్థానంలో నేనుంటే ఆ సందేశం పంపేదాన్ని కాదని నాకు ఖాయంగా తెలుసు. అలా పంపగలగడం మీద కూడా అసూయే కలిగింది.

దరఖాస్తు పెట్టాను. వెన్న వాసన నాకు తెలియదని మొదటి వాక్యంలోనే రాశాను. నా సంతకాల వెనక ఇన్నేళ్ళూ ఎవరి ముక్కు ఉండేదో కూడా రాశాను. సీటు వచ్చింది. ఆన్‌లైన్ పాఠాలు ముగించుకుని, అతను తిరిగి వచ్చిన రెండు నెలలకి నేను వెళ్ళాను.

ఇప్పుడు ఇద్దరం మళ్ళీ గుర్‌గావ్‌లో ఒకే చోట పనిచేస్తున్నాం. అతను హెడ్ బ్రూవర్ కింద రెండో మనిషి, నాకు ల్యాబ్ పెద్దదైంది. కొత్త ట్యాంకు దగ్గర అతను గ్లాసు ఎత్తి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ నాకు లోపల కలుక్కుమంటుంది. అతను మాత్రం నన్ను మళ్ళీ అక్కా అనలేదు. ఒకటి రెండుసార్లు ఆ మాట నోటిదాకా వచ్చి ఆగినట్టనిపించింది. అది నా ఆశే కావచ్చు.