మా అత్త చింతపండు, దొర తుపాకీ

పోయిన వారం ఇక్కడ మలేసియాలో, సుంగై పెటాని ఆసుపత్రిలో మావారి కుడికన్ను శుక్లానికి ఆపరేషను చేశారు. మర్నాడు కట్టు విప్పి, గోడమీది అక్షరాలు చదవమని నర్సు అడిగితే, ఆయన అటు చూడకుండా నావైపు తిరిగి, కాసేపు అలాగే చూసి, "ఏటే, నీ జుట్టు ఇంతలా నెరిసిపోనాదేటి? నాకెవులూ సెప్పనేదు" అన్నారు. ఆ నర్సుకి తెలుగు రాదు గనక బతికిపోయాను. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. డాక్టరుగారు కన్ను బ్రహ్మాండంగా ఉందని చెబుతుంటే, ఈ వయసులో ఇంత సంబరం ఏమిటని మా అమ్మాయి నన్ను వింతగా చూసింది. దానికేం తెలుసు, ఆ కన్ను అది పుట్టకముందే ఒకసారి పోబోయి మిగిలింది.

అప్పుడు మేము సుంగై సిపుట్ దగ్గర ఒక రబ్బరు తోటలో ఉండేవాళ్ళం. మావారు తోట వర్క్‌షాపులో ఫిట్టరు. నేను రబ్బరు పాలు పరీక్షించే గదిలో పనిచేసేదాన్ని. చెట్లకి గాటుపెట్టి తెచ్చిన పాలలోంచి కాస్త తీసి, గడ్డకట్టించి, ఆరబెట్టి, అద్దాల పెట్టెలో ఉండే సున్నితపు త్రాసులో తూచి, అందులో రబ్బరెంత నీళ్ళెంత అన్నది తేల్చడం నా పని. బకెట్లో నీళ్ళు కలిపి తెచ్చే మహానుభావులకి నేనంటే ఒళ్ళు మంట. మా పెళ్ళయి ఎంతో కాలం కాలేదు, మాతో మా అత్త ఉండేది, మామగారు అంతకుముందే పోయారు.

తోట నడిపే తెల్లదొరకి పెళ్ళాం పిల్లలు లేరు, ఒక తుపాకీ ఉండేది. అది ఆయన తన దేశంలో ఒక పనివాడి చేత తన ముచ్చట కొద్దీ చేయించుకున్న రైఫిలు. చిక్కంతా ఎక్కడంటే, దానికి సరిపడే తూటా ప్రపంచంలో ఏ కంపెనీ చేయదు. వేరే తుపాకీ తూటా తెచ్చి, కాల్చేశాక మిగిలే ఇత్తడి గొట్టం మెడని అచ్చులో నొక్కి సన్నం చేసి, అందులో చిన్న గుండు కూర్చి, తుపాకీమందు కొత్తగా తూచి పోసుకోవాలి. ఆ ఖాళీ గొట్టాలని మేము డొల్లలు అనేవాళ్ళం. మందు ఎంతన్నది ఏ పుస్తకంలోనూ ఉండదు. తక్కువతో మొదలుపెట్టి, కాల్చిన ప్రతి డొల్లనీ భూతద్దం కింద చూసి, అది ఏ ఇబ్బందీ పడలేదనుకుంటేనే మరికాస్త పెంచుకుంటూ వెతుక్కోవాలి. ఇప్పుడైతే ఈ దేశంలో ఇలాంటి మాట ఎత్తడానికే భయపడతాం. అప్పుడూ చట్టం గట్టిదే గాని, దొరకి, ఆయన నడిపే షూటింగు క్లబ్బుకి పోలీసుల అనుమతి ఉండేది, మందు పనంతా క్లబ్బు గదిలోనే జరిగేది.

ఆ అచ్చు మావారు లేతు మీద చేసి ఇచ్చారు. మందు తూచడానికి త్రాసు నేర్పు ఉన్న మనిషి కావాలని నన్ను పిలిచారు. ఆదివారాలు పొద్దున్నే ఫ్యాను ఆపేసి, కిటికీలు మూసేసి, చెమటలు కారుతున్నా ఊపిరి బిగబట్టి నేను తూచేదాన్ని, మావారు గుండు కూర్చేవారు, దొర పక్కన కుర్చీలో కూర్చుని గురి గురించి కథలు చెప్పేవాడు. దొరకి చెయ్యి వణుకు, అందుకని కాల్చేది మావారే. చెంప తుపాకీకి ఆనించి గురి చూసినప్పుడు ఆయన కుడికన్ను తూటా ఉండే చోటుకి జానెడు దూరంలో ఉండేది. అందుకని మందు ప్రతిసారీ రెండేసి మార్లు తూచేదాన్ని. నిజం చెప్పాలంటే, అయినా ఆ పని నాకు ఇష్టంగానే ఉండేది, మొగుడూ పెళ్ళాం ఒకే బల్ల దగ్గర కూర్చుని చేసే పని మా తోటలో మరెవరికుంది?

మా అత్తకి ఇత్తడి మురికిగా కనిపిస్తే ప్రాణం ఒప్పదు. విజయనగరం వైపు నుంచి వాళ్ళ అమ్మ ఓడలో తెచ్చుకున్న దీపపు కుందులు రెండుండేవి, ప్రతి శుక్రవారం చింతపండు పెట్టి తోమి, ముగ్గుపిండిలాంటి మెత్తటి బూడిదతో మెరుగుపెట్టేది. కాల్చిన డొల్లలు మసితో నల్లగా కనిపించేసరికి, దొర చేతిలోంచి దాదాపు లాక్కుని, వాటినీ కుందులతో పాటే తోమేసింది. అవి కొత్త బంగారంలా వచ్చాయి. దొర మురిసిపోయి, ఇకమీదట ఈ పని మీ అమ్మదే అని మావారితో అన్నాడు. ఆయుధపూజ నాడు ఆవిడ ఆ డొల్లల పెట్టెకి కుంకుమ బొట్టు కూడా పెట్టింది.

వానలు ముదిరాక క్లబ్బు కప్పు కారడం మొదలైంది. ఖాళీవే అయినా తూటా సామాను తాళం లేని చోట ఉంచకూడదని దొరకి పట్టింపు. తోట మొత్తానికి ఇనప తలుపున్న గది ఒక్కటే, పాల షెడ్డు వెనకాల ఉన్న స్టోరు. పాలు తొందరగా గడ్డకట్టకుండా కలిపే అమోనియా డబ్బాలు అందులో ఉండేవి. తలుపు తీస్తే చాలు కళ్ళలో నీళ్ళు తిరిగే ఘాటు. దొంగ కూడా దూరడని నవ్వుకుంటూ పెట్టెని అక్కడ పెట్టారు. వానలు తగ్గేదాకా అది అక్కడే ఉంది.

ఈలోగా దొర వెళ్ళిపోయే సమయం వచ్చింది, తోట అమ్మేస్తున్నారు, ఆయన తన దేశం వెళ్ళిపోవాలి. పోయేలోపు తన తూటాకి మందు తుది లెక్క తేలడం చూడాలని ఆయన కోరిక. ఆ వచ్చే ఆదివారం, అంతవరకు మేము పోసినవాటిలోకెల్లా గట్టి మందుతో మావారు కాల్చాలని అనుకున్నారు. శుక్రవారం పెట్టె ఇంటికి వచ్చింది, మా అత్త డొల్లలు తోమి ఆరబెట్టింది. శనివారం నేను మెత్తటి గుడ్డతో ఒక్కొక్కటే తుడుస్తుంటే, ఒకదాని మెడ దగ్గర గుడ్డ పోగు పట్టుకుని లాగింది. వెలుతురులో పెట్టి చూస్తే వెంట్రుక లాంటి బీట. ఇంకోదానికీ అంతే.

మావారికి కోపం ముక్కుమీద ఉండేది ఆ రోజుల్లో. పులుపు ఇత్తడిని తినేసిందని, చింతపండు ముట్టొద్దని వాళ్ళమ్మ మీద గయ్యిమన్నారు. "నా సింతపండు ఏటి సేసినాదిరా? మీ అమ్మమ్మ కాడినుంచి తోమతన్నాం, కుందులికి ఏటైనా అయినాదా?" అని ఆవిడ లోపలికి పోయి ఆ రాత్రి అన్నం తినలేదు. ఈయన బీటలున్నవి పక్కన పడేసి, మంచిగా కనిపించేవి ఏరుకుని, రేపటికి ఇవి చాలు అన్నారు. దొరకి మాటిచ్చేశాం, వెనక్కి పోతే ఏం బాగుంటుంది అని ఆయన బాధ.

నాకు మాత్రం అత్త మాట చెవిలోంచి పోలేదు. తెల్లారి లేచి దీపపు కుంది చేతిలోకి తీసుకుని మెడ చుట్టూ గోటితో రాసి చూశాను. అన్నేళ్ళ చింతపండు తాగిన ఇత్తడి నున్నగా ఉంది. మరి వీటికేమొచ్చింది? డొల్లలు పెట్టుకోవడానికి పెట్టె మూత తీస్తే, అడుగున పరిచిన ఉన్నిగుడ్డలోంచి గుప్పుమని ఘాటు కొట్టి కళ్ళు మండాయి. అదే స్టోరు వాసన. అప్పుడు నాకు ఆ గది తాళం గుర్తొచ్చింది. ఆ తలుపుకి వేసే ఇత్తడి రేకు తాళాలు ఎప్పుడూ నిలిచేవి కావు, పగిలిపోయేవి, మార్చేది మావారే, మార్చినప్పుడల్లా నకిలీ సరుకు అంటగడుతున్నాడని టౌనులో చీనా కొట్టువాణ్ణి తిట్టేది కూడా ఆయనే.

"ఏటండీ, ఆ తాళాలు కూడా అత్తే తోమినాదేటి?" అని అడిగాను.

ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటున్నవారు ఆగిపోయారు. వచ్చి, బీట లేదని తను ఏరి పెట్టుకున్న డొల్లల్లో ఒకదాన్ని పట్టకారుతో నొక్కారు. గట్టి ఇత్తడి అయితే వంగాలి. అది అప్పడంలా పెళపెళా విరిగింది, మెడ దగ్గరే కాదు, అడుగుదాకా. అచ్చులో నొక్కిన ఇత్తడిని అలా లోలోపల పెళుసు చేసింది స్టోరులోని అమోనియా ఆవిరి, చింతపండు కాదు. గట్టి మందు పోసి పేల్చి ఉంటే ఆ నిప్పంతా వెనక్కి తన్నేది ఎటువైపో నేను చెప్పనక్కరలేదు. మావారు పట్టకారు కింద పెట్టి, అరచేత్తో కుడికన్ను మూసుకుని, బల్లకి ఆనుకున్నారు. నేను డొల్లలన్నీ మళ్ళీ పెట్టెలో పోసి మూత పెట్టేశాను.

సంగతి విన్న దొర ముఖం పాలిపోయింది. పెట్టెడు డొల్లలూ మావారు ఆయన ఎదుటే సుత్తితో చితగ్గొట్టారు. ఆయన ప్రయాణం కొంత వెనక్కి జరుపుకున్నాడు, కొత్త డొల్లలు తెప్పించి, క్లబ్బులోనే ఇనప బీరువా పెట్టించి, మళ్ళీ తక్కువ మందు దగ్గర్నుంచి అంతా మొదలుపెట్టాం. తుది లెక్క తేలిన ఆదివారం నేను బయట మెట్లమీద కూర్చుని, ప్రతి పేలుడుకీ కళ్ళు మూసుకుని, ఆ తరవాత మావారి దగ్గు వినబడితే తెరిచేదాన్ని. గుళ్ళన్నీ ఒకే చోట అరచేతిలో పట్టేటంత మేర దిగాయని దొర చిన్నపిల్లాడిలా గెంతాడు. మావారు టౌనుకి పోయి, పెద్ద చింతపండు ముద్ద కొని తెచ్చి వాళ్ళమ్మ ముందు పెట్టారు. క్షమించమని నోటితో అనలేదు. ఆవిడ వాసన చూసి, "పాత సింతపండే తెచ్చినావు, పర్లేదు లా" అని ఇక్కడివాళ్ళలాగే చివర లా తగిలించి, ఆ పూట మా ఇద్దరికీ కలిపి పులుసు పెట్టింది.

దొర తుపాకీతో సహా వెళ్ళిపోయాడు. తోట చేతులు మారింది, రబ్బరు కొట్టేసి తరవాత ఇళ్ళు కట్టారు. మా అత్త పోయి ఎన్నో ఏళ్ళయింది. కుందులు నా దగ్గరే ఉన్నాయి.

నిన్న శుక్రవారం. నా చేతులు నొప్పులని మనవరాలు కుందులు తను తోముతానని, సూపర్‌మార్కెట్టు నుంచి ఇత్తడి మెరుగుపెట్టే సీసా కొనుక్కొచ్చింది. పిల్ల మంచిది, తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం మలాయి భాషలో చెబుతుంది. అది మూత తీసిన మరుక్షణం నా గుండె ఝల్లుమంది. ముందు గదిలో పడుకున్న మావారు కూడా దిగ్గున లేచి, "ఏటే ఆ వాసన?" అని కేకేశారు. ఆ సీసాలో అమోనియా ఉంటే ఏం, కుందులకి ఒక్కసారికి ఏమీ కాదని మాకూ తెలుసు. మనవరాలు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆ వాసనకి ఇలా ఉలిక్కిపడేవాళ్ళు మేమిద్దరమే మిగిలాం, మా తరవాత అది ఉత్త సీసా వాసనే. ఆయన కొత్త కన్నుతో గోడ పట్టుకోకుండా వంటింట్లోకి నడిచి, చింతపండు డబ్బా తనే వెతికి తీసుకుని, ఒక కుంది నాకిచ్చి, రెండోది ఒళ్ళో పెట్టుకుని తోమడానికి కూర్చున్నారు.