ఆయన మిగిల్చిన ఎనిమిది రోజుల మందు

మా ఊరి డాక్టరుగారు సోమవారం పొద్దున పోయారు. దుమ్ముగూడెం దాటి భద్రాచలం తీసుకుపోతుంటే ఆటోలోనే ప్రాణం పోయిందని ఆయన తమ్ముడు సెల్‌ఫోన్‌లో చెప్పాడు. డిగ్రీ లేని వైద్యుడే. అయినా నా మనవరాలికి జ్వరమొస్తే వానలో వాగు దాటి వచ్చింది ఆయనొక్కరే.

కడుపులో మంట అని ఎవరొచ్చినా, "కారం బందు పెట్టు, మజ్జిగ తాగు" అనేవారు. నాకూ అదే చెప్పారు.

"కారం ముట్టనివాళ్లకూ మండుతోంది గదా?" అని అడిగాను.

"వాళ్లకు రంది ఎక్కువ, ఎప్పుడూ దిగులే, టీచరమ్మా" అని నవ్వేశారు.

తర్వాత ఆ మంట ఆయనకే పట్టుకుంది. ఒక పెద్ద డాక్టరు గ్యాస్ అన్నారు, ఇంకొకరు టెన్షన్ అన్నారు. చివరికి ఖమ్మంలో గొట్టం వేసి చూసి, పుండు ఉందని, దానికి కారణం బ్యాక్టీరియా అని చెప్పి పద్నాలుగు రోజుల మందు రాశారు.

"కడుపుల క్రిములున్నయంట! గంత ఆమ్లంల అవి ఎట్ల బతుకుతయ్? చదువుకున్నోళ్లు, మీరే చెప్పుండ్రి" అన్నారు మా అరుగు మీద కూర్చుని.

"నాకు తెలియదు. పద్నాలుగంటే పద్నాలుగే. ఒక్క పూట తప్పినా ఊరుకోను" అన్నాను. రోజూ అడిగి మా క్యాలెండర్‌లో టిక్కు పెట్టాను.

ఏడో రోజు అడిగితే తల దించుకున్నారు. నొప్పి తగ్గిందని, మిగిలిన ఎనిమిది రోజుల మందు బీడీలకు తునికాకు కోసే ఒకామెకు ఇచ్చేశారట. ఆమెకూ అదే మంట.

"ఇద్దరికీ సగం సగం వైద్యమా?" అని కేకలేశాను.

"బడిపిల్లగాణ్ణి తిట్టినట్టు తిడుతున్నరు. ఆమె ఖమ్మం ఎన్నడు పోవాలె? నాకైతే తగ్గె గదా!"

రోగులకు ఆయన ఏ రోజు మందు ఆ రోజే కట్టిచ్చేవారు. తగ్గితే ఆపమనేవారు. తన విషయంలోనూ అదే పద్ధతి. తగ్గాక కూడా ఎందుకు మింగాలో ఖమ్మం డాక్టరు ఆయనకు చెప్పలేదు. నాకూ తెలియదు. కారణం చెప్పలేని నా గద్దింపు ఆయన ముందు నిలవలేదు.

మూడు నెలలకు మంట తిరిగొచ్చింది. ఖమ్మం వెళ్లమని ఎన్నిసార్లు చెప్పినా, "పోత టీచరమ్మా, పోత" అంటూ గ్యాస్ బిళ్లలే మింగారు. సోమవారం నల్లగా నెత్తురు వాంతి చేసుకున్నారు.

నిన్న ఆ తునికాకు ఆమె వచ్చింది. "డాక్టర్ సారు లేడా? మళ్ల మండుతాంది."

పోయారని చెప్పాను. నువ్వన్నా ఖమ్మం వెళ్లమన్నాను.

"అవ్" అంది. కడుపు మీద చెయ్యి అదుముకుని, ఎదురుగా తాళం వేసి ఉన్న ఆయన వైద్యం గది మెట్టు మీదే కూర్చుంది.