బసీలియా ఇటుకలు

లా పాజ్ నగరంలో కంప్యూటర్లు అమ్మే ఎలోయ్ సాల్మోన్ వీధిలో బసీలియాది నా పక్క కొట్టు. ఇక్కడి ఆదివాసీ ఆడవాళ్లు కట్టే కుచ్చిళ్ల పావడాలోనే తిరుగుతూ, విడి భాగాలు కొని, బిగించి, ఆఫీసులకు మోసుకెళ్లి అమర్చి వచ్చేది. అమర్చిన ప్రతి కంప్యూటరు పెట్టె కిందా రెండు ఇటుకలు పెట్టేది. ఎందుకని ఎవరూ అడగలేదు.

లాయరు వాల్దో ఇరియార్తే ఆఫీసులో ఆరేళ్లు పనిచేసింది. ఒకరోజు అక్కడ రెండు పెట్టెల్లో మెమరీ ముక్కలు మాయమయ్యాయి. గుమాస్తాలందరి ముందూ ఆయన, "ఈ కుచ్చిళ్ల పావడావాళ్లకు చేతివాటం ఎక్కువ" అన్నాడు. ఆ మాట ఆమెకన్నా ముందే మా వీధికి చేరింది. నెల తిరిగేసరికి ఆమె పాత బేరాలు ఆమె కొట్టు దాటి నా కొట్టుకు రాసాగాయి. నేను వద్దనలేదు.

ముక్కలు అమ్మింది లాయరు మేనల్లుడేనని కొన్నవాడే ఆమెకు చెప్పాడు. ఆమె వెళ్లి ఆ సంగతి చెబితే లాయరు తలుపు వేయించాడు. కొత్త కంప్యూటర్లు మేనల్లుడి చేతనే కొనిపించి పెట్టించుకున్నాడు.

కార్నివాల్ పండగ శుక్రవారం ఆఫీసుల్లో యంత్రాలకు రంగు కాగితాలు చుట్టి, నేలతల్లికని నేలమీద బీరు పోస్తారు. ఆ పొద్దున లాయరు గుమాస్తా ఒకామె కరెంటు తీగ కావాలని కబురు పంపింది. బసీలియా తనే తీసుకెళ్లింది.

పెట్టెలన్నీ నేలమీదే ఉన్నాయి. నడుస్తున్నాయి. గాలి కన్నాలు పైకి తెరిచి ఉన్నాయి. ఇటుకల్లేవు. ఏటా పండగ ముందురోజే వెళ్లి ఆమె కప్పే ప్లాస్టిక్ గుడ్డా లేదు.

గడప తొక్కినవాళ్లకు ఆ రోజు బీరు గ్లాసు ఇవ్వాలి. లాయరు ఇచ్చాడు. ఆమె బల్లకాలి పక్కన మూడు చుక్కలు వదిలింది.

"అంతేనా, అమ్మీ? నేలతల్లి దగ్గరా పిసినారితనమేనా?"

"మీ ఇల్లు, మీ చెయ్యి, లాయరుగారూ. మీ మనసు కొద్దీ పొయ్యండి."

సీసా ఊపి మరీ పోశాడు. నురుగు గదంతా ఎగిరింది. మొదటి పెట్టె మూగబోయేదాకా నిలబడి చూసి, బసీలియా వచ్చేసింది. నేలమీద పారే బీరు పెట్టెలకు తగలకుండానే ఆ ఇటుకలని ఆ సాయంత్రమే నాకు చెప్పింది.

పండగ వెళ్లాక లాయరు మా వీధికి వచ్చాడు. కేసుల కాగితాలన్నీ ఆ పెట్టెల్లోనే ఉన్నాయట. మేనల్లుడు ఫోను ఎత్తడం లేదట. ఆమె బల్ల వెనక నుంచి లేవలేదు.

"ఆ రోజు అన్న మాట ఇక్కడ వెనక్కి తీసుకోండి. ఆ తర్వాత మాట్లాడదాం."

తీసింది ఆమె కాదని ఆయన గొణిగాడు.

"చివరి కొట్టు వాళ్లకు వినపడలేదు."

రెండోసారి అన్నాడు. మూడోసారి వీధంతా విన్నది. బేరాలాడుతున్నవాళ్లు ఇటు తిరిగారు. ఆయన రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"పెట్టెలు ఎప్పుడు పంపమంటావు?"

"మీ మేనల్లుడికి ఇవ్వండి. ఆయన చేతివాటం మంచిది."

లాయరు నా కొట్టు వైపు తిరిగాడు. నేను షట్టరు దించేశాను.