టమాట చేలో యాదగిరన్న మాస్క్

నిన్న పొద్దున ఎయిర్‌పోర్టు దగ్గరి పాల్మాకుల ఊరి నుంచి ఫోన్. యాదగిరన్న ఇక లేడన్నారు. గుండెపోటట.

ఏ యాదగిరన్న అని రెండుసార్లు అడిగాను. మొన్న సాయంత్రమే మెసేజ్ పెట్టిన మనిషి.

ఆయన నాకు చుట్టం కాదు. దవాఖాన బెంచీ మీద దొరికిన అన్న. ఇద్దరికీ ఒకటే జబ్బు, మెదడు కింద పిట్యూటరీ గడ్డ. క్యాన్సర్ కాదు, హార్మోన్లేవీ వదలదు. ఊరికే పెరిగి కంటి నరాన్ని నొక్కుతుంది.

ఆయన ఎయిర్‌పోర్టు ట్యాక్సీ నడిపేవాడు. పక్కనుంచి వచ్చే బండ్లు కనబడక జబ్బు బయటపడింది. ఆపరేషన్‌తో చూపు తిరిగొచ్చినా మళ్లీ స్టీరింగ్ పట్టలేదు. ఊళ్లో టమాట వేసుకున్నాడు.

నాకు ఆపరేషన్ తర్వాత మిగిలిన ముక్కకు రేడియేషన్ అన్నారు. తల కదలకుండా ముఖానికి బిగించే జాలీ మాస్క్ చూసి మొదటి రోజే లేచి బయటికొచ్చేశాను.

అప్పుడే చెకప్‌కు వచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చున్న ఆయన, ఫోన్‌లో ఒక ఫొటో చూపించాడు. తన రేడియేషన్ అయిపోయాక మాస్క్ అడిగి ఇంటికి తెచ్చుకుని, చేలో దిష్టిబొమ్మకు తొడిగాడట.

"నా దిష్టి తీసింది చెల్లె. ఇగ పంట దిష్టి తీస్తది."

ఏడుస్తున్నదాన్ని నవ్వేశాను. లోపలికి వెళ్లి మిషన్ కింద పడుకున్నాను.

ఆరు నెలలకు స్కాన్ తీస్తే గడ్డ అంతే ఉంది. అన్ని రోజులు మిషన్ కింద పడుకున్నది వేస్ట్ అనుకుని, డాక్టర్ మాట సగంలోనే వదిలేసి ఆయనకు ఫోన్ చేశాను.

"పెరగలేదు గద? మా చేన్ల నడుమ బండ ఉన్నది. అది పోతదా? దాని చుట్టూత దున్నుకుంటున్న. గిది గూడ గట్లనే."

పెరగకుండా ఆపడమే రేడియేషన్ పని. డాక్టర్ చెప్పబోయిందీ అదే. నా బుర్రకు మాత్రం యాదగిరన్న చెప్తేనే ఎక్కింది.

రోజూ సాయంత్రం ఆ బండ మీద కూర్చుని తల తిప్పకుండా సూటిగా చూసేవాడు. పక్కనుంచి దిగే విమానం కనబడితే పక్కచూపు బాగున్నట్టే. వెంటనే నాకు మెసేజ్, ఇద్దరం రోజూ వేసుకునే హార్మోన్ గోళీ గుర్తుచేస్తూ. "ఇయ్యాల గూడ కనబడ్డది. గోళీ ఏసుకున్నవా?"

మొన్నటి మెసేజ్ కూడా అదే.

అన్నా, ఆ రోజు నువ్వు లేకపోతే ఇంటికి వెళ్లిపోయేదాన్ని. ఇది నా కళ్లతో చూసుకుంటూ నేనే టైప్ చేస్తున్నాను. థ్యాంక్స్ అంటే చాలా చిన్న మాట.

నా మాస్క్ బీరువా మీదే ఉంది. దినాలయ్యాక తెచ్చి, చేలో నీ దిష్టిబొమ్మ పక్కన ఇంకో బొమ్మ నిలబెట్టి దానికి తొడుగుతాను.

నిన్న అంత్యక్రియలై అందరూ వెళ్లాక ఆ బండ మీద కాసేపు కూర్చున్నాను. సూటిగా చూశాను. నీ మాటే నీకు తిరిగి చెప్పాను.

ఇయ్యాల గూడ కనబడ్డదన్నా. గోళీ గూడ ఏసుకున్న.

ఇగ నువ్వు నిమ్మళంగ పండుకో.