ఎలుకలు పడ్డాయి

పోలీసు చర్య జరిగిన కొన్నేళ్లకు గుంటూరు వైపు నుంచి హైదరాబాదుకు నర్సుగా వచ్చాను. తెలుగుదాన్నే కదా, మాటకు ఇబ్బందేముంటుందని నా ధీమా.

ఎలుకల నుంచి వచ్చే ప్లేగు భయంతో, రాళ్లు కొట్టేవాళ్లకు సూదులు వేయమని మమ్మల్ని షేక్‌పేట అవతలి గుట్టల మీదికి పంపారు. ఇప్పుడు ఫిల్మ్‌నగర్ అంటున్నారే, అక్కడికే. అప్పట్లో ఫిల్మూ లేదు, నగరూ లేదు. బండలు, వాటి మధ్య గుడిసెలు, గుడిసెల్లో జొన్నలు, జొన్నల కోసం ఎలుకలు.

పొద్దున వరుసలో నిలబడ్డ ఒకామె, "మా గుడిసెల ఎలుకలు పడ్డయమ్మా" అంది.

మా వైపు దొంగలు పడ్డారన్నా, కోతులు పడ్డాయన్నా మీద పడి దోచుకోవడమనే అర్థం. సిరంజి మీంచి తలెత్తకుండానే, "ఓ పిల్లిని తెచ్చి పెట్టుకోండి" అన్నాను. ఆమె బుద్ధిగా తలూపి, సూది వేయించుకుని వెళ్లింది.

మధ్యాహ్నం అన్నం తింటూ ఈ ముచ్చట కాంపౌండరుకు నవ్వుతూ చెప్పాను. ఆయన ఇక్కడివాడే. ముద్ద నోటిదాకా పోలేదు.

"పడ్డయంటే సచ్చినయని సిస్టరమ్మా! ముందుగాల ఎలుకలు పడ్తయి, ఎనుక మనుషులు పడ్తరు."

ఎంగిలి చేత్తోనే పరుగెత్తాను. గుడిసె ముందు ఆమె ఒక్కతే ఉంది.

"మీ ఆయనేడమ్మా? సూదికి రాలేదేం?"

"నువ్వే చెప్తివి గద, పిల్లి కోసం షేక్‌పేటకు పోయిండు."

"చచ్చిన ఎలుకల్ని ఎవరు తీశారు?"

"ఆయననే. తోకలు వట్టి అవుతల ఇసిరేసిండు."

నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది. కాంపౌండరు సిరంజి మరిగించి తెచ్చాడు. ఎండలో బండ మీద కూర్చున్నాం. ఎంతకీ రాడే! పొద్దు వాలుతుంటే వచ్చాడు, చంకలో పిల్లితో, నవ్వుకుంటూ. పిల్లిని దింపించి అతనికి సూది పొడిచాను. అప్పటికప్పుడు గుడిసె ఖాళీ చేయించి, దూరంగా బండల దగ్గర పందిరి వేయించాం. పిల్లి మాత్రం ఎలుకల వాసనకు గుడిసెలోకే దూరింది.

మర్నాడు అతనికి జ్వరం. ఆ సూది వేస్తే ఎవరికైనా జ్వరం వస్తుంది. ఇది సూది జ్వరమో, ప్లేగు జ్వరమో ఎలా చెప్పను? రెండుపూటలా వెళ్లేవాళ్లం. ప్లేగు బిళ్లలు కట్టాయేమోనని కాంపౌండరు అతని చంకలు, గజ్జలు తడిమి చూసేవాడు. ఆమె మాత్రం నా ముఖం చూసేది. ఆ చూపుకు నాకు అన్నం సయించలేదు.

నాలుగో రోజు పొద్దున వెళ్లేసరికి అతను కూర్చుని గంజి తాగుతున్నాడు. ఒళ్లు చల్లగా ఉంది, బిళ్లలు లేవు. అందరి ముందూ ఏడ్చేశాను.

కళ్లు తుడుచుకుని, ఏదో ఒకటి మాట్లాడాలని, "పిల్లి ఏదమ్మా?" అన్నాను.

"రాత్రి పడ్డదమ్మా."

ఈసారి అర్థం ఎవర్నీ అడగలేదు. "ఎవరైనా ముట్టుకున్నారా?" అన్నాను.

"ముట్టలే. గుడిసెతోనే కాలవెట్టినం."

వెనక్కి తిరిగి చూశాను. గుడిసె ఉన్నచోట బూడిద ఇంకా పొగలు కక్కుతోంది.