ఇరవై రెండు మూరల ఎర్రపట్టు

ఆ మధ్యాహ్నం వేలూరులో అయివారి ఇంటి పడమటి గదిలో ఉన్నవారు: అయివారు, ఆయన భార్య, బజారు దర్జీ, మా తాత, నేను. ఉన్న వస్తువులు: ఈతచాప, కత్తెర, దర్జీ టేపు, విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఉత్తరం, గుడియాత్తం నుంచి మేము రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన ఎర్రపట్టు తాను. కిటికీలోంచి దిగిన ఎండ పట్టు మీద పడి గోడలకు ఎక్కింది. ఎర్రటి వెలుగులో అందరమూ నీళ్ల అడుగున కూర్చున్నట్టు ఉన్నాము.

అయివారు తెలుగు పంతులు. ముప్పై ఏళ్లు చేతిపనుల వాళ్ల మాటలు ఏరి నిఘంటువు చేశారు. నేత మాటలన్నీ ఆయనకు ఇచ్చింది మా తాతే. తాతకు తెలుగు చదవడం రాదు. మగ్గం గుంటలో కూర్చుని పడుగులోకి దారం దూర్చే నాడె విసురుతూ ఆయన చెబుతుంటే, గట్టు మీద కూర్చుని అయివారు రాసుకునేవారు. ఆ పుస్తకానికే విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ప్రకటించింది. సభకు ఎర్రపట్టు అంగీ వేసుకుని రావాలని, పట్నంలో బాడుగకు కూడా దొరుకుతుందని ఉత్తరంలో ఉంది.

అంతకు ముందు గుడియాత్తంలో నేను ఆ ఉత్తరం చదివి వినిపించగానే తాతకు కోపం వచ్చింది.

"అయివారు బాడుగ అంగీ ఏసుకొని పోవాల్నా? నా మగ్గం యాడికి పోయింది?"

"పదకొండు గజాలు కావాలంట తాతా," అన్నాను.

"అంటే ఇరవై రెండు మూరలు. దీనికింత కాయితం ఎందుకప్పా?"

మా వీధిలో ఎవరి పడుగైనా, ఆ నిలువు దారాలను తాత చేత్తో కొలవనిదే మగ్గం ఎక్కేది కాదు. పట్టు పడుగు సాచిన తెల్లవారుజామున ఏటి మీద నుంచి మంచు వచ్చి వీధినంతా కప్పింది. పడుగు కింద నిలిపిన కర్రలు కనబడలేదు. ఎర్రటి దారాలు మాత్రం నడుమెత్తున గాలిలో పరుచుకుని ఉన్నాయి. వాటి వెంట తాత మోచేయి ఆనించి, వేళ్లు చాచి, మళ్లీ మోచేయి ఆనించి నడుస్తూ పోయాడు. లెక్కపెట్టే గొంతు దూరమై, మంచులో కలిసి, మళ్లీ దగ్గరైంది. నేను నిద్ర లేచానో లేదో నాకే అనుమానం కలిగింది.

అప్పటికి నేను ఇంజనీరింగు స్కూలు ముగించి రెండు నెలలైంది. జేబులో ఎప్పుడూ కొలబద్ద ఉండేది. నేత సగమయ్యాక ఒకసారి దాన్ని బయటికి తీశాను.

"లోపల పెట్టు నాయనా," అన్నాడు తాత. "మగ్గం మీదుండే గుడ్డను కొలవకూడదు. దిగినాక నీ ఇష్టం."

దిగాక నేను కొలవలేదు. తాత కొలిచిన గుడ్డను మళ్లీ కొలవాలని తోచలేదు.

వేలూరులో దర్జీ కొలిచాడు. రెండోసారి కొలిచాడు. మూడోసారి టేపు నా చేతికిచ్చాడు. పదకొండు అంగుళాలు తక్కువ.

"ఏం పెద్దాయనా, గుడియాత్తంలో గజం ఎలకలు కొరికినాయా?" అన్నాడు దర్జీ.

"నువ్వు ఊరుకోప్పా, కత్తెర పని చూడు," అంది అయివారి భార్య.

సభకు ఇంకా నాలుగు రోజులే ఉంది. పట్టు నూలు అయిపోయింది. కొత్తగా తెప్పించి నేయడానికి వ్యవధి లేదు. తాత తన కుడిచేయి చాపి ఎండలో పెట్టి చూసుకున్నాడు. నడిమి వేలు కణుపు దగ్గర వంగి ఉంది. ఎడమచేత్తో నొక్కినా నిటారుగా రాలేదు. ఎప్పటి నుంచి అలా ఉందో ఇంట్లో ఎవరమూ గమనించలేదు.

"అయివారూ, ఇంక ఈ చెయ్యి కొలతకు పనికిరాదు. పోయి వీధిలో చెప్పేస్తా. వేరే ఎవురినైనా చూసుకోమని," అని చేతిని పైపంచెలో దాచుకున్నాడు.

అయివారు లేచి నిఘంటువు తెచ్చి, పేజీలు తిప్పి, పైకి చదివారు. "మూర: నేతగాని మోచేయి మొదలు నడిమి వేలి కొన వరకు."

తర్వాత తాత పక్కన చాప మీద కూర్చున్నారు.

"ఇన్ని అంగుళాలని యాడన్నా రాసినానా అన్నా? ఇది నువ్వు చెప్పిన మాటే. దీనికే వాళ్లు నాకు డాక్టరేటు ఇస్తా ఉండేది. నీ చెయ్యి పనికిరాదంటే నా పుస్తకం గూడా పనికిరానట్టే."

"అంగీ పొట్టిదవుతాది సామీ," అన్నాడు దర్జీ.

"కానీలే. నా కాళ్లు చూసి ఎవురు దడుచుకుంటారు?"

"అయితే నూనె రాసుకొని పోండి. పగుళ్లన్నా కనపడవు," అంది భార్య.

అప్పుడు తాత నవ్వలేదు.

పట్నంలో సభామంటపం చాలా ఎత్తు. మాటలు పైకప్పు దాకా పోయి, అక్కడే తిరిగి, ఆలస్యంగా కిందికి వచ్చేవి. మేము వెనక వరుసలో కూర్చున్నాము. వేదిక ముందు ఎర్ర అంగీలు ఆరు. ఐదు నేలను తాకుతున్నాయి. అయివారి పేరు పిలిచినప్పుడు ఆరోది మెట్లెక్కింది. దాని కింద నూనె రాసిన చీలమండలు మెరిశాయి. అందరూ ఆయన ముఖం చూస్తుంటే తాత అంగీ అంచునే చూశాడు.

"మూడంగుళాలు ఎత్తుండాదా?"

"మూడుకు కొంచెం తక్కువే తాతా."

"నేత మాత్రం బాగుండాది," అన్నాడు.

ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున్నే పక్కింటాయన పడుగు సాచి, కొలవడానికి రమ్మని వాకిట్లో నిలబడ్డాడు. మళ్లీ మంచు. తాత కాసేపు గడపలో ఆగి నన్ను పిలిచాడు.

"నీ కొలబద్ద తే నాయనా. నా మూర ఎంతుండాదో తెలిస్తే, తక్కువయ్యేది మూరమూరకూ కలుపుకొని కొలుస్తా. నిజం చెప్పాల, దాచొద్దు."

మగ్గం దూలం మీద చేయి చాపాడు. మోచేయి దగ్గర బద్ద ఆనించి, వంగిన వేలి కొన దాకా చూశాను.

పదిహేడున్నర అంగుళాలు. మూరకు అర అంగుళం తక్కువ.