కారం చేతుల గురించి నేనడిగిన ప్రశ్న

2019 ఎండాకాలం. గుంటూరు జిల్లాలో ఒక సెషన్స్ కోర్టు. నేను డిఫెన్స్ లాయర్‌ని, అంటే ముద్దాయి తరఫున వాదించేవాణ్ణి. అప్పటికి ఇరవై రెండేళ్ళ ప్రాక్టీసు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే అవతలి పక్షం సాక్షిని ప్రశ్నలతో తిప్పలు పెట్టడంలో, మా బార్‌లో నన్ను మించినవాడు లేడని నాకో పొగరు ఉండేది. ఆ పొగరు దిగిన కేసు ఇది.

అత్యాచారం కేసు. ముద్దాయి ఒక ముఠా మేస్త్రి. మిరప కోతలకు ఆడకూలీలను కుదిర్చి, తన ఆటోలోనే చేలకు తీసుకెళ్ళి తెచ్చేవాడు. ఫిర్యాదు చేసిన ఆమె ఆ ముఠాలో కూలీ. ఆమె పేరు రాయను. చట్టం ఒప్పుకోదు, ఒప్పుకున్నా రాయను. కోర్టు కాగితాల్లో ఆమె పి.డబ్ల్యు.1, అంటే ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి. భర్త లేడు, అయిదేళ్ళ కొడుకున్నాడు.

అంతకు ముందు ఏడాది కోతల్లో ఒక సాయంత్రం మబ్బు పట్టింది. కల్లంలో ఆరబోసిన కాయల మీద పట్టాలు కప్పాలని మేస్త్రి ఆమెను ఉండమన్నాడు. మిగతావాళ్ళను ఊళ్ళో దింపి, ఆమె కోసం ఆటో వేసుకుని తిరిగి వచ్చాడు. కల్లంలో ఇద్దరే. ఆమె కేకలు వేయలేదు, కొట్టలేదు, గీరలేదు. ఒంటి మీద ఒక్క గాయం లేదు. మూడో రోజు పాస్టరుగారి భార్యకు చెప్పుకుంది. ఆవిడే వెంటబెట్టుకుని స్టేషన్‌కు తీసుకెళ్ళింది.

ఇలాంటి కేసుల్లో పాత దారి ఒకటుండేది. గాయం లేదు కాబట్టి ఇష్టమే అని వాదించడం. 2013లో చట్టం మార్చి ఆ దారి మూసేశారు. సమ్మతి అంటే మాటతోనో సైగతోనో స్పష్టంగా తెలిపినదై ఉండాలన్నారు. ఎదిరించనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని కూడా రాశారు. నేను ఊరుకుంటానా? పక్కదారి వెతికాను. ఆమె ఒప్పుకుందని నేననను, ఒప్పుకుందని ఇతను నిజంగా నమ్మాడంటాను. దీన్ని మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్ అంటారు. ఉన్నది ఒకటైతే, మంచి బుద్ధితోనే ఇంకోటి అనుకుని చేసిన పని నేరం కాదని. గుడి బయట నావనుకుని మీ చెప్పులు వేసుకుపోతే అది దొంగతనం కాదు కదా, అలాగన్నమాట. చెప్పుల సంగతి చెప్పగానే మేస్త్రి మొహం వెలిగిపోయింది.

"అదే సార్! నేననుకున్నా. తప్పేంది?" అన్నాడు.

ఇలాంటి విచారణ ఇన్-కెమెరాగా జరుగుతుంది. అంటే తలుపులు మూసి, సంబంధం లేనివాళ్ళను బయటికి పంపేసి. లోపల మహిళా జడ్జి గారు, స్టెనో, పబ్లిక్ ప్రాసిక్యూటర్ మేడమ్, ముద్దాయి, నేను. బోనులో ఆమె. తలమీద కొంగు కప్పుకుని, చేతులు రెండూ కటకటాల మీద పెట్టుకుని నిలబడింది.

నేను "నువ్వు" అనే మొదలుపెట్టాను. టీచరమ్మ అయితే "మీరు" అనేవాణ్ణి. అది కూడా ఇప్పుడే తోస్తోంది.

"రోజూ ఆటోలో మేస్త్రి పక్కనే కూర్చునేదానివి. అవునా?"

"అవునండి. మా ఇల్లు కాలనీ చివర. నే ఎక్కేసరికి ఎనక నిండిపోద్ది."

"అతని టిఫిను బాక్సులో పచ్చడి తిన్నావా?"

"అందరం తిన్నామండి."

"అందరి సంగతి నేనడగలేదు. నువ్వు తిన్నావా?"

"తిన్నానండి."

"కల్లంలో అతను దగ్గరికొచ్చినప్పుడు 'వద్దు' అన్నావా?"

"'పొద్దుపోయింది, ఇంటికి పోదాం అన్నా' అన్నానండి. తర్వాత నోరు పెగల్లేదు."

"'వద్దు' అనే మాట అన్నావా, లేదా?"

"అనలేదండి."

అక్కడితో కూర్చోవచ్చు. కూర్చోలేదు. ముందురోజు సాయంత్రం నాకొక ప్రశ్న తట్టింది, దాన్ని దాచుకుని తెచ్చాను. మిరపకాయలు కోసినవాళ్ళ చేతులు ఎలా ఉంటాయో మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎంత కడిగినా మంట పోదు. పొరపాటున కంట్లో పడితే ఎంతటి మగాడైనా కూలబడాల్సిందే.

"ఆరోజు పొద్దున్నుంచి కాయలు కోశావు. చేతులనిండా కారం. ఒక్క వేలు అతని కంటికి తగిలిస్తే చాలు, వదిలేసేవాడు. ఎందుకు తగిలించలేదు?"

స్టెనో టైపు చేయడం ఆపి నావైపు చూశాడు. ఆమె కటకటాల మీదున్న తన చేతులను చూసుకుంది.

"మీకు తట్టినట్టు నాకు తట్టలేదండి. ఈ చేతుల్తో మా పిల్లోడికి అన్నం కూడా కలపను, మంట పుడద్దని. అప్పుడు నాకు పిల్లోడు ఇంటికాడ ఒక్కడే ఉన్నాడన్నదొకటే గుర్తుంది."

ఇక ప్రశ్నలు లేవని చెప్పి కూర్చున్నాను. ఆ మధ్యాహ్నం బార్ క్యాంటీన్‌లో నా నోటనే విని నా జూనియర్లు ఆ ప్రశ్న గురించే చెప్పుకున్నారు. "గురువుగారూ, అదరగొట్టారు!" అన్నాడు ఒకడు. నేను నవ్వి ఇంకో టీ చెప్పాను.

ఆమెకు ఈ కేసు ఏమిటో నాకు తెలియక కాదు. ఆ కాలనీ నుంచి చేలకు వెళ్ళే ఆటో అదొక్కటే. మేస్త్రి జైల్లో ఉన్నాడు కాబట్టి అప్పటికి దాన్ని వేరొకరు తోలుతున్నారు. మేస్త్రి విడుదలైతే మర్నాటి నుంచి అతని పక్కసీట్లో కూర్చునైనా వెళ్ళాలి, లేదా పస్తులుండాలి. ఈ మాట ప్రాసిక్యూటర్ మేడమ్ కోర్టులో చెప్పింది కూడా. అది సాక్ష్యం కాదని నేను అడ్డుపడ్డాను.

సాక్షులందరూ అయిపోయాక 313 ఎగ్జామినేషన్ అని ఒకటుంటుంది. జడ్జి గారే ముద్దాయికి సాక్ష్యాలు వినిపించి, నీ జవాబేమిటని అడుగుతారు. దానికి ప్రమాణం ఉండదు. "అన్నిటికీ అబద్ధమండి అను. చివర్లో ఇష్టమేననుకున్నానను. అంతకు మించి నోరు విప్పకు" అని మేస్త్రికి పదిసార్లు చెప్పాను. మొదట్లో అలాగే చెప్పాడు. చివర్లో "ఇష్టమేననుకున్నానండి" అని కూడా అన్నాడు. జడ్జి గారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"ఎందువల్ల అనుకున్నావు?"

"పక్కనే కూర్చునేదండి. నవ్వుతా మాట్లాడేదండి."

"ఆ రోజు ఆమెను అడిగావా?"

"లేదండి."

"ఎందుకు అడగలేదు?"

మేస్త్రి నావైపు చూశాడు. నేను కళ్ళతో ఆపబోయాను. ఆగలేదు.

"అడిగితే వద్దంటదిగా అండి."

అనేశాక కూడా తానేమన్నాడో అతనికి తెలియలేదు. ఏదో చాలా న్యాయమైన మాట చెప్పినట్టే నిలబడ్డాడు. జడ్జి గారు ఆ వాక్యాన్ని స్టెనోకు నిదానంగా డిక్టేట్ చేశారు. నేను ఫైలు మూసేశాను. కేసు పోయిందని మాత్రమే కాదు. ఇన్ని నెలలుగా నేను "నమ్మకం" అంటూ భుజాన మోసింది ఇదా అని. వద్దంటుందని తెలుసు, తెలుసు కాబట్టే అడగలేదు. దానికి పొరపాటని పేరుపెట్టింది నేను.

అయినా వాదనల రోజు లేచి నిలబడ్డాను, వృత్తి కదా. చెప్పుల ఉదాహరణే చెప్పాను. ప్రాసిక్యూటర్ మేడమ్ జవాబు రెండు ముక్కల్లో తేల్చేసింది. "చెప్పుల్ని అడగలేమండి. మనిషిని అడగొచ్చు."

శిక్ష పడింది. తీర్పు రోజున వరండాలో ఆమె నాకెదురైంది. పక్కన పాస్టరుగారి భార్య ఉంది. తప్పుకుపోదామనుకున్నాను. ఆమే ఆగింది.

"లాయరు గారూ, మీరా మాట అడిగిన కాణ్ణుంచి కోతకెళ్ళినప్పుడల్లా నా చేతులే చూసుకుంటన్నానండి. ఎందుకు లేపలేకపోయానా అని."

ఆ మాటల్లో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

"అది నీ... అది మీ తప్పు కాదమ్మా. ఆ ప్రశ్నే తప్పు" అన్నాను.

"ఆ ముక్క లోపల, జడ్జమ్మ గారి ముందర చెప్పాల్సిందండి" అని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. నంబర్లు మారాయి, సమ్మతికి ఇచ్చిన అర్థం మారలేదు. ఇష్టమేననుకున్నానని చెప్పేవాడు, అలా అనుకునే ముందు ఏం చేసి తెలుసుకున్నాడో కూడా చెప్పితీరాలని చట్టంలో సూటిగా రాస్తే బాగుంటుందని నేనిప్పుడు బార్ మీటింగుల్లో అంటుంటాను. "డిఫెన్స్ లాయరై ఉండి ఇదేం మాటండీ, మన పొట్ట మనమే కొట్టుకోవాలా?" అని మిత్రులు ఆటపట్టిస్తారు. పట్టించనీయండి. ముద్దాయికి లాయరు ఉండి తీరాలి, అందులో నాకు అనుమానం లేదు. ఇప్పటికీ అలాంటి కేసులు తీసుకుంటున్నాను. కానీ ఫైలు తెరిచే ముందు ఎదుట కూర్చున్నవాణ్ణి "ఆమెను అడిగావా?" అని అడుగుతాను. కొందరు మళ్ళీ రారు.

ఆమె చెప్పమన్న చోట ఆ ముక్క నేను చెప్పలేకపోయాను. కోర్టు రికార్డులో నా ప్రశ్న ఉంది, ఆమె జవాబు ఉంది, అది తప్పుడు ప్రశ్న అని మాత్రం ఎక్కడా లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. అమ్మా, మీ చేతులు ఏ తప్పూ చేయలేదు.